వర్తూరు షెడ్లలో తట్టు: కార్డులు లేని పిల్లలకు ఎం.ఆర్. (తట్టు-రూబెల్లా) టీకా వేయించడం ఎలా?

షెడ్డుబడి

అందరికీ నమస్కారం. బెంగళూరులో వర్తూరు వైపు ఒక పెద్ద భవన నిర్మాణ సైటును ఆనుకుని రేకుల షెడ్లున్నాయి. అక్కడ పనివాళ్ల పిల్లల కోసం నడిచే బడి తరఫున అడుగుతున్నాం. కుటుంబాల్లో సగం పాలమూరు తాండాల లంబాడీలు, కొందరు అనంతపురం వైపు బోయలు, మిగతావాళ్లు యాదగిరి, రాయచూరు నుంచి వచ్చినవాళ్లు. అయిదేళ్లలోపు పిల్లలు అరవై మందికి పైనే. ఎవరినడిగినా టీకా కార్డు ఊళ్లోనే ఉందంటారు.

ఇప్పుడొక మూడేళ్ల పాపకు జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం మొదలై, నాలుగో రోజున చెవుల వెనక నుంచి దద్దు లేచింది. తల్లి అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టింది. పక్క షెడ్డులో ఎనిమిది నెలల బాబు, ఆ పక్కన ఆరో నెల గర్భిణి ఉన్నారు.

తెలియాల్సినవి ఇవి. ఇది తట్టేనా, ఆటలమ్మా? మిగతా పిల్లలకు ఇప్పుడు టీకా వేయిస్తే పనికొస్తుందా, సమయం మించిపోయిందా? కార్డు లేకుండా ప్రభుత్వ కేంద్రంలో వేస్తారా? ఒక దాత పిల్లలందరికీ రక్తపరీక్ష చేయించి, రోగనిరోధక శక్తి లేనివాళ్లకే టీకా వేయిద్దాం అంటున్నారు. అది సరైన పద్ధతేనా?

పిల్లలవార్డు

మీరు చెప్పిన వరస తట్టుకు అతికినట్టు సరిపోతోంది. ఆటలమ్మలో నీటి బుడగల్లాంటి పొక్కులు లేస్తాయి, కొత్తవీ పాతవీ ఒకేసారి కనబడతాయి, దగ్గు అంతగా ఉండదు. తట్టులో ముందు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రటి కళ్లు. మూడు నాలుగు రోజులకు దద్దు చెవుల వెనక, నుదుటి మీద జుట్టు మొదట్లో మొదలై ముఖానికి, ఛాతీకి, కాళ్లకు దిగుతుంది. మన పిల్లల ఒంటి రంగు మీద ఎరుపు సరిగా కనబడదు. వేళ్ల వెనక వైపుతో చెంప నిమిరితే ఇసక కాగితంలా గరుగ్గా తగులుతుంది. తగ్గేటప్పుడు నల్లబడి, తవుడు రాలినట్టు పొట్టు రాలుతుంది.

నిర్ధారణ అయ్యేదాకా ఆగకండి. జ్వరం, దద్దు కలిసి కనబడితే చాలు, దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రం మెడికల్ ఆఫీసరుకు చెప్పాలి. వాళ్లు రక్తం తీసి ప్రభుత్వ ల్యాబ్‌కు పంపుతారు, దానికి డబ్బులుండవు. దద్దు లేచిన 28 రోజుల్లోపు రక్తం ఇవ్వవచ్చు. మొదటి మూడు రోజుల్లో తీస్తే కొందరిలో వ్యాధి ఉన్నా లేనట్టు వస్తుంది, ఒక్క 'నెగెటివ్' కాగితం చూసి ఊపిరి పీల్చుకోకండి. పాపకు ఈ మధ్య టీకా వేసి ఉంటే ఆ తేదీ ల్యాబ్ ఫారంలో రాయించండి. టీకా వల్ల కూడా కొన్ని వారాల పాటు అదే పరీక్ష పాజిటివ్ చూపిస్తుంది.

ఇక పాప సంగతి. తట్టు పిల్లలకు విటమిన్ ఎ రెండు రోజులు వరసగా ఇవ్వాలి. ఏడాది దాటితే రోజుకు 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 11 నెలలైతే లక్ష, 6 నెలలలోపు 50 వేలు. కంట్లో తెల్లమచ్చ, పొర, కన్ను తెరవలేకపోవడం ఉంటే రెండు నుంచి నాలుగు వారాలకు మూడో డోసు. ఇది ఆరోగ్య కేంద్రంలోనే ఇప్పించండి. చీటీ మీద ఒకరు, సైటు డిస్పెన్సరీలో ఇంకొకరు ఇచ్చి మోతాదు మీద మోతాదు కాకూడదు, ఎక్కువైతే అదే విషమవుతుంది.

తట్టులో ప్రాణం తీసేది ఎక్కువగా దాని వెనక వచ్చే న్యుమోనియా, విరేచనాలు. బడిలో ఎవరో ఒకరు ఊపిరి లెక్కించడం నేర్చుకోండి. బిడ్డ ఏడవనప్పుడు, గడియారం ముందు పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కించి రెండుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. 2 నుంచి 11 నెలల బిడ్డకు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా 40 లేదా అంతకు మించి ఉంటే అదే రోజు డాక్టరుకు చూపాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు నీళ్లు తాగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా, కంటి నల్లగుడ్డు మసకబారినా వెంటనే 108. ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి నిమ్హాన్స్ దగ్గర ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి తట్టు అనుమానం అని చెప్పండి, లేకపోతే ఓపీ వరసలో కూర్చున్న పసిపిల్లలకూ అంటుకుంటుంది.

విరేచనాలుంటే ఒక పెద్ద ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో పూర్తిగా కలపాలి. సగం పొట్లం గ్లాసు నీళ్లలో కలపడం అన్ని షెడ్లలో చూసే తప్పు, ఉప్పు ఎక్కువై బిడ్డకు ఇంకా చేటు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., ఆపై వయసుకు 100 నుంచి 200 మి.లీ. కొద్దికొద్దిగా చెంచాతో పట్టాలి. ఆరు నెలలు దాటితే జింకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు.

దద్దు లేవకముందు 4 రోజులు, లేచాక 4 రోజులు అంటుకునే కాలం. ఆ పాపను ఆ నాలుగు రోజులూ బడికి రానివ్వకండి. పదడుగుల రేకుల గదిలో విడిగా ఉంచడం అయ్యే పని కాదని తెలుసు. కానీ ఆ గదిలోకి పసిపిల్లలను, గర్భిణిని పోనివ్వకుండా చూడటం కుదురుతుంది. రోగి వెళ్లిపోయాక కూడా క్రిమి గాలిలో రెండు గంటల దాకా ఉంటుంది, తలుపు తెరిచి ఉంచమనండి. గర్భిణికి ఎం.ఆర్. టీకా వేయకూడదు, ఆమెను వెంటనే డాక్టరుకు చూపించండి.

లెక్కలచెట్టు

సమయం మించిపోయిందా అన్న దానికి. తాకిడి జరిగిన 72 గంటల్లోపు టీకా పడితే జబ్బు ఆగే అవకాశం ఉంది. కానీ దద్దు కనబడేసరికే పాప నాలుగు రోజులుగా అంటిస్తూ ఉంది కాబట్టి పక్క షెడ్ల పిల్లల విషయంలో ఆ 72 గంటలు చాలావరకు గడిచిపోయినట్టే. అయినా వేయించాలి, ఎందుకంటే తట్టు అలలు అలలుగా వస్తుంది. ఇప్పుడు అంటుకున్నవాళ్లకు 10 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది. మీ టీకా ఆపేది ఆ రెండో అల నుంచి మూడో అలకు పోయే దారిని.

ఒక చిక్కు ముందే చెప్పాలి. ఇప్పటికే క్రిమి ఒంట్లో చేరిన పిల్లలకు టీకా వేసినా జబ్బు రావచ్చు. టీకా వల్ల జబ్బు ముదరదు. కానీ షెడ్లో మాట వేరేగా పుడుతుంది: "సూది వేశాకే అమ్మవారు వచ్చింది." టీకా రోజే, వేసే ముందే, "ఇప్పటికే సోకిన పిల్లలు ఒకరిద్దరు ఉండొచ్చు, వాళ్లకు వారం పది రోజుల్లో దద్దు లేస్తుంది" అని అందరి ముందూ చెప్పి ఉంచండి. తర్వాత చెబితే సంజాయిషీలా వినబడుతుంది.

ఇంకో లెక్క. తట్టు సోకిన ఒక్కరి నుంచి, ఎవరికీ రక్షణ లేని చోట, 12 నుంచి 18 మందికి పాకుతుంది. ఆపాలంటే దాదాపు 95 శాతం మందికి రక్షణ ఉండాలి. ఇప్పుడు 100 మంది పిల్లలున్న షెడ్లు ఊహించుకోండి. 90 మందికి తొమ్మిదో నెల టీకా పడిందనుకుందాం, చూడ్డానికి మంచి అంకె. ఆ వయసులో ఒక డోసు సుమారు 85 శాతం మందిలోనే పనిచేస్తుంది, తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు కొందరిలో టీకాను ముందే అడ్డుకుంటాయి కాబట్టి. అంటే నిజంగా రక్షణ ఉన్నది 76 మందికి. వాళ్లలో 80 మందికి రెండో డోసు కూడా పడితే లెక్క 88 దాకా ఎక్కుతుంది. అప్పటికీ 95కు రాలేదు. ఇంకా ఇందులో తొమ్మిది నెలలలోపు వాళ్లను లెక్కే వేయలేదు.

అందుకే నగరం సగటు చూసి మోసపోకూడదు. 2017లో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 75 కేసులొచ్చాయి, ఎక్కువ మంది సోమాలీ కుటుంబాల పిల్లలే. ఆ సముదాయంలో రెండేళ్ల పిల్లల టీకా శాతం 2004లో 92 ఉండి, 2014కు 42కు పడిపోయింది. అక్కడ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న పుకారు పట్టుకుని వద్దన్నారు. 2018-19లో న్యూయార్క్ నగరంలో 649 కేసులు, ప్రధానంగా బ్రూక్లిన్ ఆర్థొడాక్స్ యూదుల పేటల్లో. నగరం మొత్తం చూస్తే టీకాలు బాగానే పడ్డాయి, ఒక పేటలో మాత్రం లేవు. క్రిమికి ఆ పేట చాలు.

మన షెడ్ల సంగతి వేరు. వద్దన్నవాళ్లు తక్కువ. మొదటి డోసు పడే తొమ్మిదో నెలలో ఊళ్లో ఉంటారు, రెండోది పడాల్సిన పదహారో నెలకు బెంగళూరులో ఉంటారు. ఊళ్లో ఆశా కార్యకర్త వాళ్ల పేరు కొట్టేసి "వలస" అని రాస్తుంది, ఇక్కడి జాబితాలో పేరు ఎక్కదు. పోయేది ఎక్కువగా రెండో డోసే. మీ పట్టికలో "టీకా పడిందా" అనే గడి ఒక్కటి పెట్టకండి. ఒకటో డోసు, రెండో డోసు వేరువేరుగా రాయండి.

షెడ్డుబడి

చాలా థ్యాంక్స్ అండి. ఆరోగ్య కేంద్రానికి చెప్పాం, పాపకు విటమిన్ ఎ మొదటి డోసు పడింది. ఒక చిక్కొచ్చింది. టీకాలు వేసే ఆమె, పది మంది పోగైతేనే సీసా విప్పుతాం, కార్డు లేకపోతే ఆధార్ అయినా తెమ్మంటోంది. ఆ రక్తపరీక్ష సంగతి కూడా ఎవరైనా చెప్పండి, దాతకు జవాబివ్వాలి.

టీకాపెట్టె

ముందు దాత సంగతి తేల్చేద్దాం. పిల్లలకు రక్తపరీక్ష వద్దు. అరవై మంది పసిపిల్లల రక్తం తీయడం, రిపోర్టులు రావడం, మళ్లీ అందరినీ పోగేయడం, ఈలోగా సగం మంది వేరే సైటుకు వెళ్లిపోతారు. టీకా ఇదివరకే పడిన బిడ్డకు ఇంకో డోసు పడితే నష్టమేమీ లేదు. రక్షణ ఉన్నవాళ్లలో టీకాలో ఉండే బలహీనపరచిన క్రిమి పెరగకుండానే ఆగిపోతుంది. అందుకే నియమం సూటిగా ఉంటుంది: కాగితం లేకపోతే పడనట్టే లెక్క, వేయాలి. దాతను ఆ డబ్బుతో టీకా రోజున తల్లులకు సగం కూలి ఇవ్వమనండి, పనికొస్తుంది.

సీసా సంగతి. ఎం.ఆర్. పొడిగా వస్తుంది, 5 డోసులవీ 10 డోసులవీ ఉన్నాయి. దానితో వచ్చిన ద్రావణం కలిపాక ఆయుష్షు 4 గంటలే. సెషన్ అంతకు ముందే ముగిస్తే అప్పుడే పారేయాలి. పెంటావాలెంట్ (అయిదు జబ్బుల టీకా) సీసాలా మిగిలింది మళ్లీ వాడుకోవడం కుదరదు, ఇందులో క్రిములను ఆపే మందు కలిపి ఉండదు. పొద్దున విప్పిన సీసాను సాయంత్రం వాడితే అందులో పెరిగిన స్టెఫిలోకాకస్ విషంతో కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వచ్చి బిడ్డ ప్రాణం పోవచ్చు. కాబట్టి ఆమె భయం వృథా గురించే. అయినా జాతీయ మార్గదర్శకం ఒక్క బిడ్డ వచ్చినా సీసా విప్పమనే చెబుతుంది. ఆ మాట ఆమెతో కాదు, మెడికల్ ఆఫీసరుతో అనండి. ఆమె పైవాళ్లకు లెక్క చెప్పుకోవాల్సిన మనిషి, ఆమెతో గొడవ పెట్టుకుంటే వచ్చేసారి మీ షెడ్లకే రాదు. అయినా మీ దగ్గర అరవై మంది ఉన్నారు కాబట్టి జాబితా ముందు రోజే ఇస్తే ఆ మాటే రాదు.

ఆ రోజు మీరు చూడగలిగినవి కొన్నున్నాయి. కలపక ముందు సీసా మూత మీద, టీకాకు వేడి తగిలిందో లేదో తెలిపే వి.వి.ఎం. గుర్తు చూపించమనండి: లోపలి చతురస్రం బయటి వలయం కన్నా లేత రంగులో ఉండాలి, సమానమైనా ముదిరినా పనికిరాదు. ద్రావణం కూడా టీకా అంత చల్లగా ఉండాలి, ముందు రోజు నుంచే ఐస్ పెట్టెలో ఉండాలి. ఎండలో మోసుకొచ్చిన వేడి ద్రావణం పోస్తే బతికున్న క్రిమి చచ్చి, సూది పడుతుంది గాని రక్షణ రాదు. వేరే టీకా ద్రావణం అసలు కలపకూడదు. సీసా మీద కలిపిన టైము రాయాలి. మోతాదు 0.5 మి.లీ., కుడి భుజం పైభాగంలో చర్మం కింద. అరగంట సేపు పిల్లలను అక్కడే కూర్చోబెట్టండి.

కార్డు, ఆధార్ లేకపోయినా టీకా ఆపకూడదు. కర్ణాటకలో లంబాణీలు ఎస్సీ, తెలంగాణ, ఆంధ్రలో ఎస్టీ. సర్టిఫికెట్ల దగ్గర ఈ తేడా ప్రాణం తీస్తుంది గాని, టీకా దగ్గర కులమూ అడగరు, చిరునామా రుజువూ అక్కర్లేదు. కొత్త కార్డు రాయించుకోండి, ఇక్కడ దాన్ని తాయి కార్డు అంటారు. కేంద్రంలో అడిగేటప్పుడు దడార టీకా అనండి, అందరికీ అర్థమవుతుంది. పుట్టిన ఊళ్లో యూ-విన్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా రికార్డు) ఎక్కించి ఉంటే, ఇక్కడ ఫోన్ నంబరుతో వెతికితే పాత డోసులు కనబడాలి. దొరకకపోవడానికి మామూలు కారణం నంబరే: సిమ్ము మారి ఉంటుంది, లేదా ప్రసవం అప్పుడు అమ్మమ్మ నంబరో ఆశా నంబరో ఇచ్చి ఉంటారు. ఊరికి ఫోన్ చేయించి కార్డు రెండు వైపులా ఫోటో వాట్సాప్‌లో తెప్పించడం అన్నిటికన్నా తేలిక.

తల్లి జ్ఞాపకం మీద ఎంత ఆధారపడవచ్చు? "అన్నీ వేయించాం" అన్న మాటకు విలువ లేదు. ఎడమ భుజం మీద మచ్చ బి.సి.జి. (క్షయ టీకా)ది, తట్టు టీకాకూ దానికీ సంబంధం లేదు. ఇలా అడగండి: కుడి చేతికి సూది వేసి, అదే రోజు చిన్న ప్లాస్టిక్ చెంచాతో పసుపుపచ్చటి మందు నోట్లో పోశారా? ఆ మందు విటమిన్ ఎ, మొదటి ఎం.ఆర్.తో 1 మి.లీ. ఇస్తారు. దీనికి అవునంటే మొదటి డోసు పడి ఉండొచ్చు. అయినా కాగితం లేదు కాబట్టి వేయించండి. ఈ ప్రశ్న ఊరికి ఫోన్ చేసి ఏ నెల కార్డు వెతకమనాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

వయసుల లెక్క: మామూలుగా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. తప్పిపోతే అయిదేళ్ల దాకా ప్రభుత్వమే ఇస్తుంది, రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు పండుగ పట్టుకోండి: దసరాకు ముందా తర్వాతా, సంక్రాంతికి పాకుతున్నాడా. నెల అటూఇటూగా తేలుతుంది. జలుబు, కొద్దిపాటి జ్వరం, విరేచనం, బలహీనంగా ఉండటం, ఇవేవీ టీకా ఆపడానికి కారణాలు కావు. బక్కపిల్లలకే ముందు వేయాలి, తట్టు వాళ్లనే చంపుతుంది. ఇంతకు ముందు ఇదే టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్లు, ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఉంటే డాక్టరుకు చెప్పాలి.

ఎనిమిది నెలల బాబు సంగతి మీ ఇష్టం మీదా నా ఇష్టం మీదా లేదు. 2022 నవంబరులో ముంబయి, రాంచీ, అహ్మదాబాద్, మలప్పురం వైపు తట్టు చెలరేగినప్పుడు కేంద్రం ఒక నియమం చెప్పింది. కేసుల్లో 9 నెలలలోపు పిల్లలు 10 శాతం దాటిన చోట 6 నుంచి 9 నెలల వాళ్లకు అదనంగా ఒక డోసు. 9 నెలల నుంచి అయిదేళ్ల వాళ్లకు పాత డోసులతో సంబంధం లేకుండా ఇంకొకటి. ఇక్కడ అలా చేయాలా వద్దా అనేది ఆరోగ్య శాఖ తేల్చాలి. వేసినా ఆ ముందస్తు డోసు లెక్కలోకి రాదు, 9వ నెలది, 16వ నెలది మళ్లీ పడాల్సిందే.

బెల్లందూరు_అపార్ట్‌మెంట్

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మేం అదే వైపు ఉంటాం, మా పాపకు 7 నెలలు. ప్రైవేటులో ముందే ఎం.ఎం.ఆర్. (తట్టు, రూబెల్లాతో పాటు గవదబిళ్లలకూ వేసేది) వేయించేయనా? మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ షెడ్ల నుంచే వస్తుంది, కొన్నాళ్లు రావద్దని చెప్పాలా?

పిల్లలవార్డు

మీ పిల్లల డాక్టరును అడగండి. చుట్టుపక్కల కేసులుంటే 6 నెలల తర్వాత ఒక ముందస్తు డోసు ఇవ్వడం ఉంది, కానీ అది లెక్కకు రాదు. 9 నెలలకు, 15 నెలలకు మామూలుగా వేయించాలి, 4 నుంచి 6 ఏళ్ల మధ్య మూడోది. పనామె గురించి: చిన్నప్పుడు తట్టు వచ్చిపోయినవాళ్లకు మళ్లీ రావడం చాలా అరుదు, పెద్దవాళ్లలో ఎక్కువ మంది అలాంటివాళ్లే. జ్వరం లేకపోతే ఆమెను మానిపించి లాభం లేదు. ఆమెకు పిల్లలుంటే టీకా రోజున సెలవివ్వండి, కూలి కోయకుండా.

తాండాబాట

"ఆ జనం టీకా వద్దంటారు" అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. వద్దంటున్నదేమిటో వినాలి. ఒంట్లో అమ్మవారు ఉండగా సూది గుచ్చితే ఆమెకు కోపం వస్తుందని భయం. అంటే జబ్బు పడ్డ పిల్లకు సూది వద్దంటున్నారు, మిగతావాళ్లకు కాదు. తమాషా ఏమిటంటే ఇందులో వైద్యానికీ వాళ్లకూ తగాదా లేదు. జబ్బు పడ్డ పిల్లకు అప్పుడు కావాల్సింది విటమిన్ ఎ, అది నోట్లో పోసేది. సూది కావాల్సింది అమ్మవారు ఇంకా రాని పిల్లలకు. మాట ఆ వరసలో చెబితే ముసలమ్మలే పిల్లలను ఎత్తుకొస్తారు. లంబాడీల్లో సీత్లా భవానికి మొక్కేదే పశువులూ పిల్లలూ రోగాల పాలు కాకూడదని.

వేపమండలు కట్టనివ్వండి, హారతి పట్టనివ్వండి. అడ్డు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. కంట్లో వేపరసం, పసుపునీళ్లు, తల్లిపాలు పోయకూడదు. విటమిన్ ఎ తక్కువగా ఉన్న బిడ్డకు తట్టులో నల్లగుడ్డు ముందే పుండు పడుతుంది, దాని మీద ఇవి పడితే చూపు పోతుంది. గుడ్డు, పాలు, పప్పు "వేడి" అని మాన్పించి ఒట్టి గంజి మీద ఉంచడం రెండోది. తలుపులు బిగించి చీకట్లో పడుకోబెట్టడం మూడోది. అమ్మవారు దిగేదాకా ఆసుపత్రి గడప తొక్కకపోవడం అన్నిటికన్నా పెద్దది. ఊపిరి ఎగబీల్చడం మొదలయ్యాక ఆగేందుకు వ్యవధి ఉండదు.

ఎవరితో చెప్పించాలి? గుంపు మేస్త్రీతో మొదలుపెట్టండి, కానీ అతని మాట మగవాళ్ల దాకానే పోతుంది. అతని భార్య, షెడ్లలో కాన్పులు చూసే పెద్దామె, వీళ్లిద్దరూ ఒప్పుకుంటే మిగతావాళ్లు వస్తారు. కన్నడ కరపత్రం పంచి లాభం లేదు. తాండా కుర్రాడొకడితో లంబాడీ భాషలో నిమిషం పాటి వాయిస్ మెసేజ్ చేయించి వాళ్ల గుంపు వాట్సాప్‌లో వేయించండి. అనంతపురం వాళ్లకు వేరే మనిషి గొంతు ఉండాలి, ఒకే మెసేజ్ అందరికీ పంపితే "అది వాళ్లది" అనుకుంటారు.

టైము. కర్ణాటకలో చాలా కేంద్రాల్లో టీకాల రోజు గురువారం, పగటిపూట. ఆ సమయానికి అమ్మా నాన్న స్లాబు మీద ఉంటారు, పిల్లల దగ్గర ఎనిమిదేళ్ల అక్క ఉంటుంది. ఆ అక్క ఒప్పుకోలేదని "నిరాకరణ" రాసుకుని వెళ్లిపోతారు. మెడికల్ ఆఫీసరుకు రాతపూర్వకంగా అడగండి: షెడ్ల దగ్గరే సెషన్, కూలి బట్వాడా రోజు సాయంత్రం లేదా సెలవు రోజు పొద్దున. ఆ కాగితంలోనే సైటును హై రిస్క్ ప్రాంతాల జాబితాలో చేర్చమని రాయండి. నిర్మాణ స్థలాలు, ఇటుక బట్టీలు, సంచార కుటుంబాల మకాములు ఆ జాబితాలోకే వస్తాయి. ఒకసారి ఎక్కితే సూపర్‌వైజర్లు మారినా టీకా బృందం వస్తుంది. సైటు ఇంజనీరుకు కాపీ ఇవ్వండి, గేటు దగ్గర సెక్యూరిటీ ఐస్ పెట్టెను ఆపేసి బృందం వెనక్కి తిరగడం మామూలే.

టీకా తర్వాత జ్వరం గురించి: ఎం.ఆర్. జ్వరం అదే రోజు రాదు, 7 నుంచి 12 రోజులకు కొందరికి వస్తుంది, కొందరికి పల్చటి దద్దు కూడా. అదే రోజు రాత్రి జ్వరం, తొడ వాపు వస్తే అది పక్కన వేసిన డి.పి.టి. (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టరుది. పారాసెటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా. ఇక్కడ జరిగే పొరపాటు సీసాల్లో ఉంది. ఒకే కంపెనీ సిరప్ 5 మి.లీ.లో 120 లేదా 125 మి.గ్రా.ది ఒకటి, 250 మి.గ్రా.ది ఒకటి అమ్ముతుంది. ఎనిమిది కిలోల బిడ్డకు 250 సీసా నుంచి రెండు మి.లీ. చాలు, పాత చీటీ చూసి అయిదు పోస్తే రెట్టింపు దాటిపోతుంది. చీటీ మీద మి.లీ. ఒక్కటే రాయకండి, సీసా బలమూ రాయండి.

షెడ్డుబడి

ఆదివారం పొద్దున షెడ్ల దగ్గరే పెట్టడానికి ఒప్పుకున్నారు, మేస్త్రీ భార్య కూడా సరేనంది. చివరగా ఒకటి. కొందరు మొదటి డోసు వేయించుకుని నాలుగు వారాల్లోపు ఉగాదికి ఊరెళ్లిపోతారు. తిరిగి ఇదే సైటుకు వస్తారన్న నమ్మకం లేదు. రెండో డోసుకు ఏం చేయాలి?

టీకాపెట్టె

ఊళ్లోనే వేయించుకోవాలి, దానికి మీరు ముందే దారి వేసి పంపాలి. టీకా రోజే యూ-విన్‌లో ఇప్పుడు పనిచేస్తున్న నంబరుతో ఎక్కించమనండి, మీ ముందే ఓటీపీ వచ్చేలా చూడండి. తాయి కార్డులో రెండో డోసు తేదీ పెన్నుతో రాయించి, ఆ పేజీ ఫోటో వాళ్ల ఫోన్లోనే కాక మేస్త్రీ ఫోన్లో కూడా పెట్టండి. కార్డులు షెడ్లలో వాన నీళ్లకు తడిసిపోతాయి, జిప్ కవరులో పెట్టి ఇవ్వండి. తెలంగాణ, ఆంధ్ర ఊళ్లలో మామూలుగా బుధవారం, శనివారం వేస్తారు. పండుగ వారంలో సబ్ సెంటర్ మూసి ఉండొచ్చు కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందు బుధవారం అని చెప్పండి. మీ పట్టికలో ఊరు, మండలం, అక్కడి ఆశా నంబరు రాసి ఉంటే ఆ వారం ఒక ఫోన్ చేయండి. 16 నెలలు నిండని పిల్లలకు మాత్రం తొందర పడకండి. వాళ్ల రెండో డోసు 16 నెలలకే, కార్డులో ఆ తేదీ రాయించండి.